డయాలసిస్ చేయించుకుంటూ ఉద్యోగం: నా అనుభవం

నా పనివేళల మార్పుకు మా కార్యాలయం ఈ వారమే రాతపూర్వకంగా అనుమతి ఇచ్చింది. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు సంస్థ అకౌంట్స్ విభాగంలో పని చేస్తూ, వారానికి మూడుసార్లు, ప్రతిసారీ నాలుగు గంటల చొప్పున డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఎడమ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ధమనిని సిరతో కలపడం) ఆపరేషన్, అది సూదులకు అనువుగా తయారయ్యేవరకు మెడ దగ్గర కాథెటర్ గొట్టం, సాయంత్రం షిఫ్టులో పడక దొరకడం, ఇవన్నీ పెద్దగా ఇబ్బంది లేకుండానే జరిగిపోయాయి.

నన్ను కుంగదీసింది హెచ్‌ఆర్ విభాగం. మంగళ, గురు, శనివారాల్లో మధ్యాహ్నం మూడింటికి వెళ్లనిస్తే ఆ గంటలను మిగతా రోజుల్లో భర్తీ చేస్తానని దరఖాస్తు పెట్టుకోగా, ఫారంలో ‘పూర్తిగా కోలుకునే తేదీ’ అన్న గడి నింపనిదే అది ముందుకు కదలదన్నారు. కిడ్నీలు రెండూ శాశ్వతంగా పాడైనవారికి మార్పిడి జరిగేవరకు డయాలసిస్ ఆగదని, అందుకే ఏ నెఫ్రాలజిస్టూ (కిడ్నీ వైద్య నిపుణుడు) అలాంటి తేదీ వేయలేరని ఎంత వివరించినా, “అయితే పనికి ఫిట్ కాదని రాయించుకురండి” అన్నారు అక్కడి అధికారి. అంతటితో ఆగక, తోటి ఉద్యోగుల ఎదుటే చొక్కా చెయ్యి మడిచి సూదులు గుచ్చిన చోటు చూపించమన్నారు. ఏళ్ల తరబడి పైసా తేడా లేకుండా లెక్కలు ముగించిన నేను, దొంగ సెలవు అడిగినవాడిలా అందరి ముందూ నిలబడవలసి వచ్చింది. రోగి చెయ్యి చూడవలసింది వైద్యుడు. హాజరు పట్టీ రాసేవారికి ఆ హక్కు లేదు.

చివరికి పని చేసింది వైద్యుడి ఉత్తరమే. డయాలసిస్ ఏ రోజుల్లో, ఎన్ని గంటలు జరుగుతుందో, మార్పిడి వరకు ఈ క్రమం కొనసాగుతుందని, మిగతా సమయంలో కూర్చుని చేసే పనికి అభ్యంతరం లేదని, ఫిస్టులా ఉన్న చేత్తో బరువులు ఎత్తకూడదని అందులో రాయించుకున్నాను. దానిని నేరుగా మా విభాగాధిపతికి ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకున్నాను. నోటిమాట అనుమతిని ఎవరూ నమ్మవద్దు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో కిడ్నీ వైఫల్యం లేదు కాబట్టి, మనకు కాగితమే అండ.

పాత ఆదాయపు పన్ను విధానంలో ఉన్నవారు, ఈ జబ్బుకు తాము పెట్టిన ఖర్చుపై ఏటా 40,000 రూపాయల వరకు మినహాయింపు కోరవచ్చు. అందుకు నెఫ్రాలజిస్టు ప్రిస్క్రిప్షన్ దాచి ఉంచుకోవాలి.

శనివారం నుంచి మంగళవారం దాకా ఎడం ఎక్కువ కావడంతో ఒంట్లో నీరు చేరి, మంగళవారం ఉదయానికి ఆయాసంగా ఉంటుంది. ఆ పూట ఆడిట్ సమావేశాలు పెట్టవద్దని కోరితే మా విభాగాధిపతి వెంటనే ఒప్పుకున్నారు.