రూ ద సవోయి, 13వ నంబరు ఇల్లు

ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు కింద నాలుగు వైపులా బంగారు రంగు అక్షరాల్లో 72 మంది శాస్త్రవేత్తలు, ఇంజనీర్ల పేర్లు. మెడ పట్టేసేదాకా చదివాను. లగ్రాంజ్, లెజాండ్ర్, ఫూరియే, కోషీ... 1889 నాటి ఆ వరసలో ఫ్రెంచి గణితవేత్త సోఫీ జెర్మేన్ లేదు. లేదని తెలిసే వచ్చాను. అయినా కళ్లు వెతికాయి.

"పదమ్మా, ఆవిడ ఇంటికే పోదాం" అంది మా అమ్మాయి.

సేన్ నది ఎడమ గట్టున సన్నటి వీధి అది. 13వ నంబరు గోడమీద రాతిపలక ఉంది. పుట్టింది 1776లో, ఈ ఇంట్లో పోయింది 1831 జూన్ 27న. పేరు పక్కన "గణితవేత్త, తత్వవేత్త" అని ఉంది. అమ్మాయి ఫ్రెంచి చదివి చెప్తుంటే, మళ్లీ చదవమన్నాను. మరణాల రిజిస్టరులో మాత్రం ఆవిణ్ణి ఆస్తి రాబడితో బతికే మనిషిగానే రాశారు.

ఫ్రెంచి విప్లవం వచ్చిన ఏడు ఆమెకు పదమూడేళ్లు. బయట గొడవలు, లోపల నాన్నగారి పుస్తకాలు. ఆర్కిమెడీజ్ కథ చదివి లెక్కల్లో పడింది. రాత్రిళ్లు చదవకుండా ఇంట్లోవాళ్లు కొవ్వొత్తులు, వెచ్చటి బట్టలు తీసేసేవారట. దుప్పటి కప్పుకుని, సిరా గడ్డకట్టే చలిలోనూ చదివింది. 1794లో పెట్టిన ఎకోల్ పాలిటెక్నిక్ అనే పెద్ద ఇంజనీరింగ్ కాలేజీలోకి ఆడవాళ్లను రానివ్వలేదు. పాఠాల నోట్సు సంపాదించి, లెబ్లాంక్ అనే మగపేరుతో అక్కడ పాఠాలు చెప్పే లగ్రాంజ్‌కు జవాబులు పంపింది. అదే పేరుతో జర్మన్ గణితవేత్త గౌస్‌కూ ఉత్తరాలు రాసింది. అసలు మనిషి ఎవరో గౌస్‌కు 1807లో గానీ తెలియలేదు.

నన్ను ఎక్కువగా కదిలించేది ఇసుక లెక్క. లోహపు పలకమీద ఇసుక చల్లి, అంచున వయొలిన్ కమాను లాగితే ఇసుక గీతలుగా, ముగ్గుల్లా సర్దుకుంటుంది. ఎందుకలా? గణితంతో చెప్పమని ఫ్రెంచి సైన్స్ అకాడమీ బహుమతి పెట్టింది. మొదటిసారి పోటీకి వచ్చింది ఆమె ఒక్కతే. తప్పులున్నాయన్నారు. రెండోసారీ ఇవ్వలేదు. మూడోసారి, 1816లో ఇచ్చారు. అందుకోవడానికి ఆమె వెళ్లలేదు. ఈ వీధి నుంచి అకాడమీ భవనానికి మేం నడిచే వెళ్లాం. అంత దగ్గర!

సాయంత్రం పేర్ లాషేజ్ శ్మశానంలో ఆమె సమాధి దగ్గర చాలాసేపు నిలబడ్డాం. రెండు ఘనాలు కలిపితే ఇంకో ఘనం రాదు, పై ఘాతాలకూ అంతే అనే ఫెర్మా చివరి సిద్ధాంతం కోసం ఆమె పట్టుకున్న ప్రధాన సంఖ్యల గురించి చెప్పాను. రెట్టింపు చేసి ఒకటి కలిపినా ప్రధాన సంఖ్యే రావాలి. 11కి 23, 23కి 47.

"తర్వాతది?"

"నువ్వే చెప్పు."

గేటు దాకా వచ్చాక అంది: "29 అమ్మా. 59 వస్తుంది."