‘పక్కింటి మగ్గం’ షార్ట్ ఫిల్మ్: పని ఇప్పటికి ఎంతవరకు వచ్చిందంటే

ఎడిటింగ్ మొత్తానికి ఒక కొలిక్కి వచ్చింది. టైటిల్స్‌తో కలిపి నిడివి 11 నిమిషాలు. సౌండ్ మిక్సింగ్ ఇంకా నడుస్తోంది, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ సగమే అయ్యాయి. అయినా ఇప్పుడే రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో సినిమా తీసే మనలాంటి వాళ్లకు పనికొచ్చే చిన్న చిన్న సంగతులన్నీ సినిమా బయటికొచ్చాక ఎవరికీ గుర్తుండవు.

కథ తెలియని వాళ్ల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మంగళగిరిలో పక్కపక్క ఇళ్లలో ఇద్దరు నేతగాళ్లు. గోడకు ఇటు ఒక గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి కూర్చుని నేసేది), అటు ఒకటి. ఏళ్ల తరబడి ఒకరి మగ్గం చప్పుడు వింటూ ఇంకొకరు నేస్తున్నారు. ఒకరోజు పక్కింటి మగ్గం ఆగిపోతుంది. పక్కింటాయన అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా చేరాడు. ఆ మాట ఇటువైపు నేసే మా పెద్దాయనకు ఎవరూ చెప్పరు, ఆయన చెవికే తెలుస్తుంది. అంతే. డైలాగులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి ఈ సినిమా నిలబడినా పడిపోయినా శబ్దం వల్లే, అందుకే ఖర్చు పెట్టగలిగిన డబ్బులో ఎక్కువ భాగం కెమెరాకు కాకుండా సౌండ్‌కే పెట్టాలని మొదటి రోజే అనుకున్నాం.

కెమెరా మామూలు ఫోనే, ట్రైపాడ్ మీద. బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఫ్రీగా దొరుకుతుంది, అందులో షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం), ఐఎస్‌ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలన్న లెక్క), వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు), ఫోకస్ అన్నీ మన చేతిలో ఉంటాయి. ఫోన్‌తో పాటు వచ్చే కెమెరా యాప్‌ను ఆటోలో వదిలేస్తే మనిషి కదిలినప్పుడల్లా వెలుతురు పెరిగి తగ్గుతుంది, అది చూస్తే చాలు ఇంట్లో తీసిన వీడియో అని తెలిసిపోతుంది. సెకనుకు 24 ఫ్రేములు, షట్టర్ సెకనులో 1/50 పెట్టాం. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, షట్టర్ 1/50 గానీ 1/100 గానీ ఉంటే ఆ మినుకు వీడియోలో పడదు. 1/60 పెడితే గోడ మీద నల్లటి చారలు పాకుతూ కనిపిస్తాయి. 25 ఫ్రేములు పెట్టుకోవచ్చు కదా అని మావాడొకడు అడిగాడు. పెట్టుకోవచ్చు, కానీ రేపు ఎవరైనా థియేటర్‌లో వెయ్యడానికి డీసీపీ (థియేటర్లకు ఇచ్చే డిజిటల్ సినిమా ఫైళ్ల ప్యాకేజీ) అడిగితే అక్కడ 24 అయితే సినిమా ఆడించే ఏ సర్వర్ మీదైనా ఆడుతుంది, 25 కొన్ని పాత వాటి మీద మొరాయిస్తుంది.

లైట్లు అద్దెకు తేలేదు. మగ్గం ఉన్న గదికి పెంకుల కప్పు, అందులో ఒకటి గాజు పెంకు. పొద్దున్న పదింటికి అందులోంచి ఎండ సూటిగా మగ్గం మీద పడుతుంది, పదకొండున్నర దాటిందంటే పక్కకు జరిగి గోడ ఎక్కుతుంది. ఆ గంటన్నరలోనే ముఖ్యమైన షాట్లన్నీ తీశాం. ముఖం రెండోవైపు మరీ చీకటిగా ఉంటే తెల్లటి థర్మాకోల్ షీటు ఆ వైపు పట్టుకుంటే, దాని మీద పడ్డ వెలుతురు ముఖం మీదకు తిరిగొచ్చి సరిపోయింది. మిగతా సమయమంతా వీధి షాట్లు, ఆ ఇంటి పిన్ని కండెలు (నేతలో అడ్డంగా వెళ్లే దారం చుట్టిన చిన్న గొట్టాలు) చుట్టే షాట్లు, వంటిల్లు. తెల్లవారుజామున వీధి పొడవునా పడుగు (నేతలో నిలువు పోగులు) సాగదీసి గంజి పెట్టే పని మాత్రం మనం అనుకున్న రోజున జరగదు, వాళ్లకు పడుగు సిద్ధమైనప్పుడే జరుగుతుంది, కాబట్టి ఫోన్ రాగానే వెళ్లడానికి బ్యాటరీలు ఛార్జింగ్ పెట్టుకుని పడుకునేవాళ్లం.

పెద్దాయన వేషం వేసింది నిజంగా నేసే బాబాయే. నటన నేర్పే ప్రయత్నం చెయ్యలేదు, ఆయన రోజూ చేసే పని ఆయన చేశాడు, మేం కెమెరా ఎక్కడ పెట్టాలో చూసుకున్నాం. ఇందులో ఒక తిరకాసు ఉంది. మామూలు సినిమాలో టేక్ మళ్లీ చెయ్యమంటే గ్లాసు మళ్లీ అక్కడే పెడతాం, కానీ మగ్గం మీద టేక్ అయ్యేసరికి గుడ్డ ముందుకు వెళ్లిపోతుంది, నేసింది విప్పలేం. దగ్గర షాట్‌లో బోర్డర్ డిజైను ఎక్కడిదాకా వచ్చిందో స్పష్టంగా కనిపిస్తుంది, దూరం షాట్‌లో కనిపించేదానితో అది కలవాలి. అందుకని ముందు దూరం షాట్లన్నీ తీసేసి, తర్వాత దగ్గరకు వచ్చి, ప్రతి టేక్‌కు ముందు గుడ్డను ఫొటో తీసి పెట్టుకున్నాం. ఎడిటింగ్‌లో ఏది ముందు ఏది వెనక అన్నది ఆ ఫొటోలు చూసే తేల్చుకున్నాం.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. మేం షూట్ చేసిన రోజున బాబాయ్‌కు నేత సగం కూడా సాగదు, మాస్టర్ వీవర్‌కు (నూలు ఇచ్చి చీరలు నేయించుకునే వ్యాపారికి) చీర ఇవ్వాల్సిన గడువు మాత్రం మారదు. కాబట్టి ఆ రోజు కూలి పూర్తిగా, సాయంత్రం వెళ్లేముందే ఆయన చేతిలో పెట్టేవాళ్లం. స్నేహం కోసం చేస్తున్నారు కదా అని ఊరుకోకూడదు. నటించిన వాళ్ల దగ్గర, ఇంటి యజమాని దగ్గర ఒక పేజీ ఒప్పంద పత్రం తెలుగులో రాసి, చదివి వినిపించి సంతకాలు తీసుకున్నాం, ఫెస్టివల్ వాళ్లు అడిగినప్పుడు వెతుక్కోనక్కర్లేదు.

ఇక సౌండ్. రికార్డర్ జూమ్ హెచ్1ఎన్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. లెవెల్ పెద్ద దెబ్బ పడ్డప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా పెట్టాం. మగ్గం శబ్దం చెవికి ఒకేలా వినిపిస్తుంది కానీ మీటర్‌లో చూస్తే ఒక్కో దెబ్బ సూదిలా పైకి లేస్తుంది, కాస్త ఎక్కువ పెట్టినా పగిలిపోతుంది, పగిలినదాన్ని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచెయ్యలేదు. బొమ్మ తీసేటప్పుడు వచ్చిన శబ్దాన్ని నమ్ముకోకుండా విడిగా ఒక పూట పెట్టుకుని ఒక్కో చప్పుడూ రికార్డు చేశాం: నాడె (కండెను మోసుకెళ్లే పడవలాంటి చెక్క) అటు నుంచి ఇటు దూసుకెళ్లి తగిలే చప్పుడు, అచ్చు (పోగులను దగ్గరకు నొక్కే దువ్వెనలాంటిది) వచ్చి పేకను, అంటే అడ్డపోగును, కొట్టే దెబ్బ, గుంటలో కాళ్ల కింద తొక్కుడు చెక్కల కిర్రు. ఫ్యాన్, ఫ్రిజ్ ఆపేసి ప్రతి గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఖాళీ గది శబ్దం కూడా తీసుకున్నాం. ఫ్రిజ్ ఆపినప్పుడు బండి తాళాలు అందులోనే పెట్టండి, మళ్లీ ఆన్ చెయ్యకుండా ఇల్లు దాటలేరు.

అన్నిటికంటే నాకు సంతోషం కలిగించింది గోడ అవతలి శబ్దం. దగ్గర తీసిన శబ్దాన్నే తీసుకుని ఈక్వలైజర్‌లో పై ఫ్రీక్వెన్సీలు కోసేస్తే గోడ అవతల ఉన్నట్టు వినిపిస్తుందని చాలామంది చెప్తారు. మేం అలా కాకుండా బాబాయ్ గదిలో రికార్డర్ పెట్టి, అవతలి ఇంట్లో నిజంగా నేయించాం. తేడా చెప్పనలవి కాదు. నాడె టకటక దాదాపు రాదు, కానీ అచ్చు దెబ్బ మాత్రం గోడలోంచి కంటే నేలలోంచి ఎక్కువ వస్తుంది. రికార్డర్‌ను బల్ల మీద నుంచి దించి నేల మీద మడత పెట్టిన తువ్వాలు మీద ఉంచితే ఆ అదురు ఇంకా బాగా పట్టింది. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషికి పక్కింటి మగ్గం వినిపించడమే కాదు, కాళ్లకు తెలుస్తుంది కూడా. స్క్రిప్టులో లేని ఒక షాట్, బాబాయ్ పాదం తొక్కుడు చెక్క మీద కదలకుండా ఆగి ఉండటం, అక్కడి నుంచే పుట్టింది.

ఎడిటింగ్ డావిన్సీ రిజాల్వ్ ఫ్రీ వెర్షన్‌లో. షార్ట్ ఫిల్మ్‌కు అది చాలు, సౌండ్ కోసం ఫెయిర్‌లైట్ పేజీ కూడా అందులోనే ఉంది. వీధి షాట్లు కొన్ని ఇంకో ఫోన్‌లో మామూలు యాప్‌తో తీసినవి, వాటి ఫ్రేమ్ రేట్ నిలకడగా ఉండదు, ఒక నిమిషం గడిచేసరికి విడిగా రికార్డు చేసిన శబ్దానికీ బొమ్మకీ పొంతన పోతుంది. అలాంటి ఫైళ్లన్నిటినీ ముందే హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ ఫ్రేమ్ రేట్ పెట్టి మార్చుకుని అప్పుడు టైమ్‌లైన్ మీదకు తెచ్చాం. ల్యాప్‌టాప్ మోయలేకపోతే ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం తేలికపాటి నకలు ఫైళ్లు) చేసుకోండి, ఓపిక మిగులుతుంది. టైటిల్స్‌కు సురవరం ఫాంటు వాడాం. గూగుల్ ఫాంట్స్‌లో సురవరం, గిడుగు, మండలి లాంటి మంచి తెలుగు ఫాంట్లు ఫ్రీగా ఉన్నాయి, సినిమాలో వాడుకోవడానికి లైసెన్స్ కూడా ఇబ్బంది పెట్టదు.

సంగీతం లేదు. ఒక పాత తత్వం పెడదామన్న ఆలోచన వచ్చింది. పాట ఎంత పాతదైనా, దాన్ని పాడి రికార్డు చేసినవాళ్ల హక్కు వేరే, మన చట్టంలో సౌండ్ రికార్డింగ్ మీద 60 ఏళ్లు ఉంటుంది. మనవాళ్ల చేత పాడించుకోవచ్చు, కానీ ఈ కథలో మగ్గానికి పోటీగా ఇంకో శబ్దం వద్దనిపించింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, జనానికి చూపించడం. యూట్యూబ్‌లో పెట్టకముందే, రఫ్ కట్ (తొలి ముతక ఎడిట్) ఉన్నప్పుడే, బాబాయ్ వాళ్ల వీధిలో రామమందిరం పక్కన తెల్ల సున్నం గోడ మీద వేశాం. ప్రొజెక్టర్ అద్దెకు దొరికింది. ప్రొజెక్టర్ లోపల ఉండే బుల్లి స్పీకర్ ఎందుకూ పనికిరాదు, పెళ్లిళ్లకు మైకులు ఇచ్చే షాపు నుంచి రెండు బాక్సులు తెచ్చాం. వాటిలో బేస్ ఎక్కువ, అచ్చు దెబ్బ డప్పులా మోగింది, మిక్సర్ మీద బేస్‌కు ఉండే ‘లో’ నాబ్ బాగా తగ్గిస్తే గానీ మగ్గం మగ్గంలా వినిపించలేదు. జనం రాకముందే ఒక అరగంట ఈ పని పెట్టుకోవాలి.

సినిమా నడుస్తున్నప్పుడు నేను గోడ వైపు చూడలేదు. పక్కన నిలబడి జనం ముఖాలు చూస్తూ, ఎక్కడ కదిలారో, ఎక్కడ పక్కవాళ్లతో మాట్లాడారో టైమ్‌తో సహా కాగితం మీద రాసుకున్నాను. అయిపోయాక ‘బాగుందా’ అని అడగలేదు, అలా అడిగితే బాగుందనే అంటారు. ‘ఏం జరిగిందో చెప్పండి’ అని అడిగాం.

అప్పుడు ఒక పెద్దావిడ, వాళ్లింట్లో ఇప్పటికీ మగ్గం ఆడుతోంది, లేచి చెప్పింది: “మగ్గం అట్టా ఠక్కున ఆగదు అబ్బాయ్. ఆగినా మనకి ఆగిపోయిందని అనిపించదు. పోగు తెగిందేమో, అతుక్కుంటున్నాడేమో అనుకుంటాం. కండె అయిపోయిందేమో అనుకుంటాం. మళ్లా మొదలెడతాడని చూస్తాం. ఎంతకీ మొదలెట్టకపోతే అప్పుడు గుండెల్లో గుబులు పుడుద్ది.”

మా కట్‌లో పక్కింటి మగ్గం ఆగిన నాలుగు సెకన్లకే బాబాయ్ తల తిప్పి గోడ వైపు చూస్తాడు. ఆవిడ మాట విన్నాక ఆ చోటు పూర్తిగా తిరగరాశాం. ఇప్పుడు చప్పుడు ఆగుతుంది, బాబాయ్ నేస్తూనే ఉంటాడు, మామూలుగా కండె మార్చడానికి పట్టేంత సేపు గడుస్తుంది, ఆయన చెయ్యి కాస్త నెమ్మదిస్తుంది, తర్వాత పాదం ఆగుతుంది, ఆ తర్వాతే తల. మొత్తం 19 సెకన్లు. 11 నిమిషాల సినిమాలో అది చాలా ఎక్కువ. కానీ విజయవాడలో స్నేహితుల గదిలో, మగ్గం ఎప్పుడూ దగ్గర్నుంచి చూడని వాళ్ల మధ్య వేసినప్పుడు కూడా ఆ 19 సెకన్లలో ఒక్కరూ ఫోన్ తియ్యలేదు. కొత్త షాట్ ఒక్కటి కూడా తియ్యలేదు, ఉన్నవాటినే సాగదీశాం. ఏ ట్యుటోరియల్‌లోనూ దొరకని నోట్ అది, ఆ వీధిలో వేయబట్టి దొరికింది.

ఆ రెండు చోట్లా ఒకేలా జనం కదిలిన చోటు ఒకటుంది: మొదట్లో గాలిగోపురం షాట్. మంగళగిరి అంటే 11 అంతస్తుల ఆ గోపురం చూపించకపోతే ఎలా అని అందరూ అన్నారు, షాట్ అందంగా కూడా వచ్చింది. కానీ ఊరివాళ్లకు అది రోజూ చూసేదే, బయటివాళ్లకు కథతో సంబంధం తెలియదు. తీసేశాం. ఇప్పుడు సినిమా నల్లటి తెర మీద రెండు మగ్గాల చప్పుడుతో మొదలవుతుంది.

మిక్స్ రెండు రకాలుగా చేస్తున్నాను. యూట్యూబ్‌కు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సినిమా మొత్తం సగటున ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర, ఎందుకంటే అంతకంటే గట్టిగా ఉంటే వాళ్లే తగ్గిస్తారు, మెల్లగా ఉంటే మాత్రం పెంచరు. మన సినిమాలో నిశ్శబ్దం ఎక్కువ కాబట్టి బలవంతంగా లాగకుండా దానికి కాస్త కిందే ఉంచాలని చూస్తున్నాను. హాల్లో వెయ్యడానికి ఇంకొకటి విడిగా. ఫోన్ స్పీకర్‌లో నేల అదురు అసలు వినిపించదు, అందుకే ఫోన్‌లో చూసేవాళ్ల కోసం నాడె టకటకను లోపల కొద్దిగా కలిపాను. డీసీపీ కోసం డీసీపీ-ఓ-మ్యాటిక్ ఉంది, ఫ్రీ, ల్యాప్‌టాప్‌ను రాత్రంతా వదిలేస్తే పని అయిపోతుంది.

ఫెస్టివల్స్ విషయంలో తొందరపడకండి. కొన్ని చోట్ల ముందే యూట్యూబ్‌లో అందరికీ తెరిచి పెట్టిన సినిమా తీసుకోరు, నియమాలు చదివాకే అప్‌లోడ్ చెయ్యండి. మాది ప్రస్తుతానికి అన్‌లిస్టెడ్‌గా, అంటే లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా ఉంది. కేరళ చలచిత్ర అకాడమీ తిరువనంతపురంలో జరిపే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు పంపాలని నా కోరిక. డాక్యుమెంటరీలు, షార్ట్ ఫిల్ముల కోసం జరిగే ముంబై ఇంటర్నేషనల్ ఫిల్మ్ ఫెస్టివల్ రెండేళ్లకోసారి, దాని తేదీలు కుదిరితే చూస్తాం. హైదరాబాద్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో వెయ్యడానికి కూడా అడగాలి.

అందరికీ తెరిచేది మాత్రం ఆగస్టు 7న, జాతీయ చేనేత దినోత్సవం రోజు. ఫెస్టివల్ కోసం ఇంకా ఆపుదామని టీమ్‌లో ఒకరు అంటున్నారు, నాకు ఇష్టం లేదు. ఈ సినిమా ముందు చూడాల్సింది నేతగాళ్ల ఇళ్లలోనే. ఆ లోపు సబ్‌టైటిల్స్, హాల్ మిక్స్ అయిపోవాలి. చీరాల, పోచంపల్లి, వెంకటగిరి, గద్వాల వైపు ఎవరైనా వీధిలో వేస్తామంటే ఫైల్ పంపుతాను, డబ్బేమీ వద్దు. తెల్ల గోడ చాలు, ప్రొజెక్టర్ పాతదైనా ఫర్వాలేదు, స్పీకర్లు మాత్రం మంచివి తెచ్చుకుని, జనం ఎక్కడ కదిలారో రాసి పంపండి.