క్వయర్ బట్టలు కొనే ముందు

క్రిస్మస్ దగ్గరపడితే క్వయర్‌లో, అంటే చర్చిలో పాటలు పాడే బృందంలో, మొదలయ్యే మొదటి చర్చ బట్టల రంగు గురించే. అసలు ముందు తేల్చుకోవాల్సింది బట్ట. రెండు గంటల ఆరాధన, నెత్తిన లైట్లు, మైకులో హోరు వస్తుందని ఆపేసిన ఫ్యాన్లు. ఆ ఉక్కలో సింథటిక్ చీర మూడో పాటకే వీపుకు అతుక్కుంటుంది. పట్టు, ఆర్గంజా ఫోటోలకు బాగుంటాయి గానీ ఇరవై మంది ఒక్కసారి లేస్తే ఆ గరగర మైకులో వినిపిస్తుంది. మంగళగిరి కాటన్ లాంటిది మేలు. గంజి మాత్రం పలచగా పెట్టాలి, ఎక్కువైతే అదీ గరగరలాడుతుంది.

చీరలు ఒకే లాటులో కొనండి, రెండు మూడు ఎక్కువే తీసుకోండి. ఆర్నెల్ల తర్వాత కొత్తగా చేరినవాళ్లకు అదే రంగు కావాలంటే దొరికేది దాని దగ్గరి రంగే. కంటికి తేడా తెలియకపోయినా కెమెరా పట్టేస్తుంది.

ఎక్కువ పొరపాట్లు జాకెట్ దగ్గరే జరుగుతాయి. టైలర్ మామూలుగా నిలబెట్టి కొలత తీసుకుంటాడు. పాడేటప్పుడేమో ఊపిరి కింది పక్కటెముకల్ని పక్కలకు తోస్తుంది, బిగుతు జాకెట్ సరిగ్గా అక్కడే పట్టేస్తుంది. కాబట్టి ఊపిరి నిండా పీల్చి, అలాగే ఆపి, టేపు పెట్టించుకోండి. చరణం చివరి స్వరం మధ్యలో తెగిపోతోందంటే తప్పు గొంతుది కాకపోవచ్చు, హుక్కులది కావచ్చు. లంగా బొందు బిగించి కట్టినా ఇదే బాధ. మగవాళ్లకు బెల్టు ఒక రంధ్రం వదులు, కాలరులో రెండు వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి.

తెల్ల జాకెట్‌కు లైనింగ్ తెలుపు వద్దు, ఒంటి రంగు వేయించండి. తెల్ల లైనింగే బయటికి ఎక్కువ కనిపిస్తుంది. లైవ్ పెట్టే సంఘాలైతే మెరిసే తెలుపు కంటే మీగడ రంగు నయం. దగ్గరదగ్గర సన్నచారల బట్ట తెర మీద అలల్లా కదులుతుంది.

ముసుగు వేసుకునే చోట కొంగు కాస్త పొడవుగా వదిలి, చెవుల పైన ఇటూ అటూ పిన్ను పెట్టుకోవాలి. చెవులు మూసుకుపోతే పక్కనున్న ఆల్టో (ఆడవాళ్లలో కింది స్వరం పాడేవాళ్లు) వినబడదు, శ్రుతి జారేది అక్కడే. గాజు గాజులు, వేలాడే లోలాకులు ఇంట్లోనే ఉంచండి. ఘాటైన సెంటు ఒక్కరు కొట్టుకున్నా వరుసంతా దగ్గుతుంది.

సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిల్లో కాసక్ అనే పొడవాటి అంగీ మీద సర్‌ప్లిస్ అనే వదులైన తెల్లని పైవస్త్రం వేసుకునేవాళ్లు కాసక్ అంచును నేలకు రెండంగుళాల పైకి కుట్టించుకోవాలి. చెప్పులు విప్పి పాడతాం కదా, చెప్పుల మడమ ఎత్తు లెక్కలో కలుపుకుని కుట్టిస్తే మెట్ల మీద కాళ్లకు అడ్డం పడుతుంది. లోపల పలచని కాటన్ చాలు.

అడ్వెంట్‌కు (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలం) ఊదా, క్రిస్మస్‌కు తెలుపు, పెంతెకొస్తుకు ఎరుపు అని కాలానికొక చీర కొననక్కర్లేదు. తెల్ల చీర ఒకటే ఉంచి జాకెట్లు మార్చండి, మగవాళ్లు టై మారిస్తే సరి. మెడలో వేలాడే పొడవాటి పట్టీ, స్టోల్ మాత్రం వద్దు, అది చర్చి గురువులది.

కొవ్వొత్తులు పట్టుకుని పాడే క్యాండిల్ సర్వీసు రాత్రి కొంగు వదిలేయకండి, మడిచి భుజం దగ్గర పిన్ను పెట్టండి. సింథటిక్‌కు నిప్పంటుకుంటే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ఆ రోజు వెడల్పు చేతుల సర్‌ప్లిస్ కూడా మణికట్టు పైకి మడవాలి.