బెంచి మీద ఎంతమంది?

ఢిల్లీ ప్రయాణం మా మావయ్య కోరిక మీద పెట్టుకున్నదే. తెనాలి కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగమంతా వకాల్తాలు, వాయిదాలు, డిక్రీల మధ్యే గడిచింది కానీ సుప్రీంకోర్టు గడప తొక్కలేదు. పనిలో పనిగా తాజ్‌మహల్ కూడా చూద్దామంటే, "అది ఎక్కడికీ పోదు గానీ, ముందు తిలక్ మార్గ్‌కి, సుప్రీంకోర్టుకి పద" అన్నాడు. శుక్రవారం ఉదయానికి అక్కడ ఉండాలన్నదీ ఆయన షరతే. ఆ కోర్టులో సోమ, శుక్రవారాలు ఎక్కువగా కొత్త కేసులకి, మధ్య రోజులు పూర్తి వాదనలకి కేటాయించడం ఆనవాయితీ. "వాదనలైతే రోజంతా సాగుతాయి, సగం మనకి అంతుపట్టదు. కొత్త కేసులైతే తేల్చడం ఎలా ఉంటుందో కళ్ళారా చూడొచ్చు" అన్నాడు.

ఆన్‌లైన్‌లో పాస్ తీసుకుని బ్లూ లైన్ మెట్రోలో దిగాం. ఒకప్పటి ప్రగతి మైదాన్ స్టేషన్‌కి ఇప్పుడు పేరే సుప్రీంకోర్టు. తనిఖీలు, ఫోన్లు బయట పెట్టడం అయ్యాక లోపలికి వదిలారు. ఈ కోర్టు 1950 జనవరిలో మొదలైంది, కానీ తొలి ఎనిమిదేళ్ళు పాత పార్లమెంటు భవనంలో, సంస్థానాధీశుల కోసం కట్టిన మందిరంలోనే నడిచింది. గణేశ్ దేవ్‌లాలీకర్ గీసిన ఈ భవనంలోకి వచ్చింది 1958లో. పైనుంచి చూస్తే త్రాసులా ఉంటుందట: మధ్య భాగం దండె, రెండు పక్కలా పళ్ళేలు. కింద నిలబడిన మాకు మాత్రం గుమ్మటం, స్తంభాలు, నల్ల కోట్ల ఉరుకులాటే కనిపించాయి.

పదిన్నరకి జడ్జీలు వచ్చారు. అందరూ లేచి నిలబడ్డారు. బెంచి మీద ఇద్దరు. బోర్డు మీద ఒకటో నంబరు వెలిగింది. లాయరు రెండు వాక్యాలు చెప్పాడో లేదో జడ్జి నుంచి ప్రశ్న, దానికి జవాబు, ఇంకో ప్రశ్న, "డిస్మిస్డ్". బోర్డు మీద రెండు. లాయర్లు పక్కకి జరుగుతుంటే వెనక వాళ్ళు ముందుకి తోసుకొస్తున్నారు. మూడో కేసు రెండు నిమిషాలు కూడా పట్టలేదు. నాలుగోదానిలో ఎదుటివాళ్ళకి నోటీసు ఇచ్చారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే మావయ్య నా చెవిలో, "రాత్రే ఫైలు చదువుకుని వస్తారురా. ఇక్కడ అడిగేది తెలియక కాదు, తేడా ఏమన్నా చెప్పగలవా అని" అన్నాడు.

ఆ వేగం వెనక పెద్ద కథే ఉంది. మన ఊళ్ళో ఒక స్థలం తగాదా జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో మొదలవుతుంది. అక్కడ సాక్షుల్ని విచారిస్తారు, కాగితాలు చూస్తారు. ఓడినవాళ్ళకి పై కోర్టులో అప్పీలు హక్కు. ఆ తర్వాత హైకోర్టులో రెండో అప్పీలు, అదీ గట్టి న్యాయపరమైన ప్రశ్న ఉంటేనే. దేశం మొత్తానికి 25 హైకోర్టులు. మనవి అమరావతిలోని నేలపాడులో ఒకటి, హైదరాబాద్‌లో ఒకటి. అమెరికాలోలాగా కేంద్ర చట్టాలకో కోర్టు, రాష్ట్ర చట్టాలకో కోర్టు అని ఇక్కడ లేదు, అన్నిటికీ ఇదే నిచ్చెన. సుప్రీంకోర్టు మెట్టు దగ్గరికి వచ్చేసరికి మాత్రం చాలా కేసుల్లో హక్కుండదు, అనుమతి అడగాలి. రాజ్యాంగం 136వ అధికరణం కింద వేసే ప్రత్యేక అనుమతి పిటిషన్ అదే, అందరూ ఎస్సెల్పీ అంటారు. మేం చూసిన శుక్రవారమంతా ఆ అనుమతి గొడవే. వినాలా వద్దా అని తేల్చడమే తప్ప, ఎవరిది న్యాయం అని తేల్చడం కాదు. కారణాలు రాయకుండా కొట్టేస్తే హైకోర్టు తీర్పు నిలుస్తుంది గానీ, సుప్రీంకోర్టు దాన్ని సమర్థించినట్టు కాదు. బయట చాలామందికి ఈ తేడా తెలియదు. పేపర్లో "సుప్రీం సమర్థన" అని వచ్చేస్తుంది.

ఈ తేడాని మావయ్య కారిడార్‌లో ఒకాయనకి విప్పి చెప్పాల్సి వచ్చింది. అనంతపురం వైపు నుంచి వచ్చిన రైతు, మా మాటలు విని పలకరించాడు. ఆయన పిటిషన్‌లో అప్పుడే నోటీసు ఇచ్చారు. లాయరు ఇంకో కోర్టుకి పరుగెత్తాడు, ఈయన అక్కడే నిలబడిపోయాడు. "గెలిచినట్టేనా సార్?" అని అడిగాడు. మావయ్య ఆయన్ని బెంచీ మీద కూర్చోబెట్టి, ఆయన చేతిలో ఉన్న కాజ్ లిస్టు (ఆ రోజు కేసుల పట్టిక) వెనక పెన్నుతో రాశాడు. ఎదుటివాళ్ళకి నోటీసు, వాళ్ళ కౌంటరు, దానికి మీ జవాబు. అప్పుడు అనుమతి ఇస్తే కేసుకి కొత్త నంబరు పడుతుంది, సివిల్ అపీలు అవుతుంది. అసలు వాదన అప్పుడు. "గుమ్మం దాటారు, అంతే. ఇంకా లోపలికి రాలేదు. స్టే ఇచ్చారా లేదా అన్నది ముందు మీ లాయర్ని అడగండి, ఇప్పటికి మీకు కావలసింది అదీ." ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు పెద్దాయన. మధ్యాహ్నం ముగ్గురం ఆటోలో ఆంధ్రాభవన్‌కి వెళ్ళాం. అక్కడి భోజనం గురించి కొత్తగా చెప్పేదేముంది, గోంగూర పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాం.

భోజనాలయ్యాక తిరిగి వచ్చి రెండో నంబరు కోర్టులోకి వెళ్ళాం. గోడ మీద జస్టిస్ హెచ్.ఆర్. ఖన్నా చిత్రపటం ఉంది. మావయ్య అక్కడే ఆగిపోయాడు. ఎమర్జెన్సీలో, 1976లో, అక్రమంగా నిర్బంధించినా కోర్టుకి వెళ్ళే దారి లేదని అయిదుగురిలో నలుగురు తీర్పిచ్చారు. కాదన్నది ఖన్నా ఒక్కరే. మరుసటేడు ఆయన్ని దాటేసి జూనియర్‌ని ప్రధాన న్యాయమూర్తిని చేస్తే రాజీనామా చేశారు. ఆ నలుగురి తీర్పు తప్పని ఈ కోర్టే తేల్చడానికి 2017 వచ్చింది. గోప్యత హక్కు కేసులో తొమ్మిది మంది కూర్చుని దాన్ని కొట్టేశారు.

"అందుకే నేను ముందు లెక్కపెడతా, బెంచి మీద ఎంతమంది అని" అన్నాడు మావయ్య. నాకు ఆ రోజు అసలు పాఠం ఇదే. 1950లో ఎనిమిది మందిగా మొదలై 2019 నాటికి జడ్జీల సంఖ్య 34 అయింది. కానీ వీళ్ళంతా ఒకేసారి కూర్చోరు. ఇద్దరో ముగ్గురో ఒక గదిలో కూర్చుని ఇచ్చేదే సుప్రీంకోర్టు తీర్పు. ఇద్దరు చెప్పినదాన్ని ఇంకో ఇద్దరు కాదనలేరు, పెద్ద బెంచికి పంపాలి. రాజ్యాంగానికి అర్థం చెప్పే గట్టి ప్రశ్న వస్తే కనీసం అయిదుగురు ఉండాలి. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు తగ్గించడానికి వీల్లేదని 1967లో గోలక్‌నాథ్ కేసులో 6-5తో తేల్చింది పదకొండు మంది. ఆ బెంచికి అధ్యక్షత వహించింది మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. ఆంధ్ర హైకోర్టు గుంటూరులో ఉన్న రోజుల్లో మొదటి ప్రధాన న్యాయమూర్తి ఆయనే, మావయ్యకి ఆయన పేరెత్తితే ఛాతీ పొంగుతుంది. గోలక్‌నాథ్ తీర్పుని మార్చాలంటే అంతకంటే పెద్ద బెంచి కావాలి కదా. కేశవానంద భారతి కేసుకి పదమూడు మంది కూర్చున్నారు. 1973 ఏప్రిల్ 24న 7-6తో తీర్పు: పార్లమెంటు రాజ్యాంగంలో ఏ భాగాన్నయినా సవరించొచ్చు, మౌలిక స్వరూపాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఒక్క ఓటు అటు పడితే దేశం కథ వేరుగా ఉండేది. ఆ ఏడుగురిలో మన పి. జగన్మోహన్‌రెడ్డి గారొకరు.

మరి ఏ కేసుకి ఎవరు కూర్చోవాలో తేల్చేదెవరు? ప్రధాన న్యాయమూర్తి. తీర్పులో ఆయనదీ ఒక్క ఓటే, కానీ బెంచీలు వేసేది ఆయనే. నన్నడిగితే ఆయన అసలు బలం అక్కడే ఉంది. 2018 జనవరిలో నలుగురు సీనియర్ జడ్జీలు పత్రికల ముందుకొచ్చింది కూడా ఈ కేటాయింపుల మీదే. ఆ సమావేశం జరిగింది కృష్ణా జిల్లా నుంచి వెళ్ళిన జస్టిస్ చలమేశ్వర్ గారి ఇంట్లో. జడ్జీలే జడ్జీల్ని ఎంపిక చేసే కొలీజియం పద్ధతిని మార్చే చట్టాన్ని 2015లో కొట్టేసినప్పుడు, అయిదుగురిలో ఒంటరిగా కాదన్నదీ ఆయనే. చలమేశ్వర్ గారు చేసింది సబబా కాదా అని నేనూ మావయ్యా మెట్రోలో గట్టిగానే వాదించుకున్నాం. కోర్టు పరువు కోర్టులోనే ఉండాలన్నది మావయ్య పక్షం. తలుపు మూసుకుని కూర్చుంటే పరువు దానంతటదే నిలవదన్నది నా పక్షం. తేలలేదు.

కోర్టు పనిచేసే శనివారాల్లో గైడెడ్ టూర్ ఉంటుంది, ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవాలి. మర్నాడు దానికి వెళ్ళాం. శుక్రవారం నాటి రద్దీ లేదు, కారిడార్లు తీరిగ్గా చూశాం. 2024లో తెరిచిన జాతీయ న్యాయ మ్యూజియంలో చట్టం గురించి అడిగితే జవాబు చెప్పే కృత్రిమ మేధ లాయరు బొమ్మ ఉంది. పిల్లలు దాని చుట్టూ మూగారు. మావయ్య దాన్ని దూరం నుంచే చూసి, "దీనికి వాయిదా అడగడం వచ్చా?" అన్నాడు.

వెళ్ళేవాళ్ళకి ఒక మాట. రాజ్యాంగ ధర్మాసనాల (అయిదుగురూ ఆపైన కూర్చునే బెంచీల) వాదనలు 2022 సెప్టెంబరు నుంచి లైవ్‌లో వస్తున్నాయి, వాటి కోసం ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. శుక్రవారం హడావుడి చూడాలంటే మాత్రం వెళ్ళాల్సిందే. తిరుగు రైల్లో మావయ్య పై బెర్త్ నుంచి తొంగిచూసి, వచ్చే వారం నేలపాడు తీసుకెళ్ళమన్నాడు. ఆ హైకోర్టు అక్కడికి వచ్చింది 2019 మార్చిలో, ఈయన అప్పటికే రిటైరయ్యాడు. ఇంటికి అంత దగ్గర్లో ఉన్నదాన్ని ఇప్పటిదాకా చూడలేదట.