రేఖ కదిలిందా, రేఖ మీద మనం కదిలామా?

సూక్ష్మ అర్థశాస్త్రం చదవడం మొదలుపెట్టిన రోజుల్లో డిమాండ్ సూత్రం నాకు చాలా తేలికగా అనిపించింది. ఇతర పరిస్థితులు మారకుండా ఉంటే, ధర పెరిగినప్పుడు డిమాండ్ పరిమాణం తగ్గుతుంది. ఈ వాక్యాన్ని ఎన్నోసార్లు రాశాను గాని, అందులోని మొదటి భాగానికి ఎంత బరువుందో ఒక నిజమైన సమస్య చేతికి వచ్చేదాకా నాకు తెలియలేదు.

ఒక శిక్షణ సంస్థ తన ఫీజుల వివరాలనూ, చేరిన అభ్యర్థుల సంఖ్యనూ నాకిచ్చి, ఫీజు పెంచితే ఎందరు తగ్గుతారో చెప్పమంది. ఫీజు పెరిగిన ప్రతి సంవత్సరమూ అభ్యర్థులు కూడా పెరిగినట్టు లెక్కల్లో కనిపించడంతో, ఇక్కడ డిమాండ్ దాదాపు అవ్యాకోచమని, అంటే ధర మారినా పెద్దగా మారదని రాసిచ్చాను. ఆ నిర్ణయం తప్పు. ఆ శిక్షణ కోరేవారు ఎక్కువైనందువల్లే సంస్థ ఫీజు పెంచుతూ వచ్చింది. అంటే ఏ ధరకు ఎంతమంది కొంటారో చూపే డిమాండ్ రేఖ మొత్తం కుడివైపుకు జరుగుతూ, అదే ధరకు ఎక్కువమంది వస్తూ ఉండగా, నేను ఒకే రేఖ మీద పైకి వెళ్తున్నామనుకున్నాను.

మార్కెట్లో మన కంటికి కనబడేవి డిమాండ్ రేఖా, ఏ ధరకు ఎంత అమ్ముతారో చూపే సప్లై రేఖా ఖండించుకున్న బిందువులు మాత్రమే. ఆ రేఖలను ఎవరూ చూడలేరు. రెండు రేఖలూ కదులుతూ ఉంటే, ఆ బిందువులను కలిపి గీసిన గీత డిమాండూ కాదు, సప్లయీ కాదు. ఈ చిక్కుకు అమెరికన్ ఆర్థికవేత్త ఫిలిప్ రైట్ 1928లో, నూనెలపై సుంకాల గురించి తాను రాసిన పుస్తకానికి చేర్చిన అనుబంధంలో దారి చూపించాడు. సప్లై రేఖను మాత్రమే కదిలించి, కొనేవారి కోరికను తాకని కారణమొకటి దొరికితే, ఆ కదలికల వెంట బయటపడే బిందువులు డిమాండ్ రేఖ మీదివే అవుతాయి. నూనె తీసే అవిసె గింజల విషయంలో ఎకరా దిగుబడి అలాంటి కారణం, ఎందుకంటే వాతావరణం పంటను మారుస్తుంది గాని నూనె కొనేవాడి అవసరాన్ని మార్చదు. ఇంత సరళమైన ఆలోచన ఇంత దూరం తీసుకెళ్తుందా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అదే చూపుతో, స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో రద్దీ తగ్గించడానికి వాహనాలపై పెట్టిన రోడ్ల రుసుము గురించి మళ్లీ చదివాను. రద్దీ వేళ రోడ్డెక్కే ప్రతి వాహనదారుడూ తన సమయాన్ని లెక్కేసుకుంటాడు గాని, తన వాహనం వల్ల వెనకవాళ్లందరికీ కలిగే ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోడు. కాబట్టి సమాజం భరించే ఉపాంత వ్యయం, అంటే ఇంకొక్క వాహనం రోడ్డెక్కడం వల్ల అదనంగా పడే ఖర్చు, అతను భరించేదాని కన్నా ఎక్కువ. అటువంటి తేడాను పన్నుతో పూడ్చవచ్చని ఆర్థికవేత్త పిగూ 1920లోనే వివరించాడు. రద్దీని బట్టి రోడ్డుకు ధర ఉండాలని మరో ఆర్థికవేత్త విలియం విక్రీ దశాబ్దాల పాటు వాదించాడు. స్టాక్‌హోమ్ 2006 జనవరిలో ఆ రుసుమును ప్రయోగంగా మొదలుపెట్టింది. నగర కేంద్రం సరిహద్దును దాటే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. జూలై చివర రుసుము తీసేయగానే, పూర్తిగా పాత స్థాయికి కాకపోయినా, రద్దీ చాలావరకు తిరిగి వచ్చింది; 2007 ఆగస్టులో రుసుమును శాశ్వతంగా అమలు చేశారు. నాకు ఇందులో అన్నిటికన్నా విలువైనది ఆ మధ్యకాలం. ధరను పెట్టి, తీసి, మళ్లీ పెట్టినందువల్ల, తగ్గుదలకు కారణం ధరే గాని ఆ ఏడాది జరిగిన మరేదో మార్పు కాదని చెప్పడానికి గట్టి ఆధారం దొరికింది.

దాంతో ఆ శిక్షణ సంస్థ వివరాలను మళ్లీ తెరిచాను. అభ్యర్థుల రద్దీతో సంబంధం లేకుండా ఫీజు మారిన సందర్భం ఏదైనా ఉందా అని వెతికితే ఒక్కటి కనిపించింది: ఒక దాత ఇస్తున్న సాయం ఆగిపోవడంతో సంస్థ ఒక ఏడాది ఫీజు పెంచాల్సి వచ్చింది. ఆ ఏడాది చేరినవారు స్పష్టంగా తగ్గారు. ఒకే మార్పు మీద ఆధారపడిన అంచనా కాబట్టి వ్యాకోచత్వాన్ని, అంటే ఫీజు మార్పుకు డిమాండ్ ఎంత స్పందిస్తుందన్న కొలతను, ఒక సంఖ్యగా కాక ఒక పరిధిగా ఇచ్చాను. మొదటి నివేదికలోని నిర్ణయాన్ని ఉపసంహరించుకుంటున్నానని ముందు పేజీలోనే రాసి, మళ్లీ ఫీజు మార్చేటప్పుడు ఆ మార్పుకు కారణమేమిటో తేదీతో సహా నమోదు చేయమని కోరాను.