అలవాటైపోయిన లోపం

ఆదివారం, రాత్రి పదకొండు దాటింది.

ఈ రోజు చెప్పుకోదగ్గ సంఘటన ఏదీ జరగలేదు. ఉదయం అమ్మతో వీడియో కాల్‌లో మాట్లాడాను, మధ్యాహ్నం ఉతికిన బట్టలు మడతపెట్టాను, సాయంత్రం ఎన్నాళ్ళనుంచో చదవాలనుకుంటున్న ఒక పాత కథ చదివాను. మొదటి పనికీ చివరి పనికీ సంబంధం ఉందని రాత్రి భోజనం చేస్తుండగా తట్టింది. మరిచిపోకముందే రాసిపెట్టుకుంటున్నాను.

ఉదయం మాట్లాడుతుండగా అమ్మ ముఖం తెరమీద కదలకుండా నిలిచిపోయింది. నోరు సగం తెరిచి ఉంది, ఒక కన్ను అరమూసి ఉంది, కుడి చెంప చిన్న చిన్న చదరాలుగా విడిపోయింది. ఆ బొమ్మ వెనుకనుంచి గొంతు మాత్రం తెగి తెగి వినిపిస్తోంది. ఆమె ఏదో అంది, ఏమన్నదో అందలేదు. నేను "సరేనమ్మా" అన్నాను. మళ్ళీ చెప్పమని అడగలేదు. మాట తెగినప్పుడల్లా "సరే" అనేసి ముందుకు సాగిపోవడం నాకు ఎప్పుడు అలవాటైందో కూడా గుర్తులేదు.

సాయంత్రం చదివినది ఇంగ్లీషు రచయిత ఇ. ఎం. ఫార్‌స్టర్ కథ 'ది మెషిన్ స్టాప్స్'. అది 1909లో అచ్చయింది. ఇళ్ళలో రేడియో కూడా లేని ఆ కాలంలో ఆయన ఊహించిన లోకంలో మనుషులు భూమి లోపల, తేనెపట్టు గదులవంటి గదుల్లో, ఎవరికి వారుగా బతుకుతారు. తిండి, గాలి, సంగీతం, వైద్యం, అన్నీ ఒక మహాయంత్రమే సమకూరుస్తుంది. భూగోళానికి అవతలి వైపున్న కొడుకు కూనో, తల్లి వష్తీకి ఒక గుండ్రటి పలకలో, నీలి వెలుతురులో కనిపిస్తాడు. యంత్రం అడ్డు లేకుండా నిన్ను చూడాలని ఉంది, రమ్మని అడుగుతాడు. ఇప్పుడు చూస్తూనే ఉన్నాం కదా, ఇంకేం కావాలని తల్లికి ఆశ్చర్యం. కొడుకు దిగులుగా ఉన్నట్టు ఆమెకు అనిపిస్తుంది గాని నిశ్చయంగా తెలియదు, ఎందుకంటే ఆ పలక ముఖంలోని సన్నని ఛాయలను పంపదు. మనిషి పోలికను పంపుతుంది, వ్యవహారానికి అది చాలు. కృత్రిమంగా ద్రాక్షపండ్లు చేసేవాళ్ళు అసలు పండు మీద ఉండే పలుచని తెల్లటి పూతను వదిలేసినట్టే, ఇదీనని రచయిత అంటాడు.

ఈ పోలిక దగ్గర నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. వీడియోను కుదించే పద్ధతి సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది. కన్ను అంతగా పట్టించుకోదని లెక్కవేసిన సూక్ష్మమైన వివరాలను ముందుగా తీసేస్తారు. ఒక చిత్రానికీ తరువాతి చిత్రానికీ మధ్య మారిన భాగాన్నే ఎక్కువగా పంపుతారు. దారిలో అది తప్పిపోతే పాత ముఖమే తెరమీద మిగిలిపోతుంది. పాత టెలిఫోను కూడా గొంతులో సెకనుకు సుమారు 300 నుంచి 3400 కంపనాల (హెర్ట్జ్‌ల) మేర మాత్రమే మోసుకొచ్చేది, మాట అర్థం కావడానికి అంత సరిపోతుంది కనుక. ఇందులో ఎవరి తప్పూ లేదు, దూరాన ఉన్నవాళ్ళ గొంతు వినగలగడం నిజంగా గొప్ప వరం. అయినా "ఇంత చాలు" అని గీసిన ఆ గీతకు అవతల ఏం మిగిలిపోయిందో అడిగే పని ఇంజనీరుది కాదు, కథకుడిది.

సైన్స్ ఫిక్షన్ మాట వస్తే, ఏ పరికరాన్ని ఎన్నేళ్ళ ముందు ఊహించారన్న లెక్కే చాలామంది తీస్తారు. నాకు అది చిన్న విషయంగానే తోస్తుంది; ఆ కథలు మనిషి గురించి ఏం చెబుతున్నాయన్నదే పెద్ద విషయం. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకం నుంచి లోకమంతా పాకిన 'రోబో' అన్న మాటకు మూలం చెక్ భాషలోని 'రొబొతా', అంటే వెట్టిచాకిరి. వెట్టి అంటే ఏమిటో తెలిసిన తెలుగువాళ్ళకు ఆ పేరు వినగానే ఇనుప బొమ్మకన్నా ముందు ఒక వంగిన వీపు గుర్తుకు రావాలి. నాటకంలోని రోబోలు ఇనుముతో చేసినవి కూడా కావు.

ఫార్‌స్టర్ కథలో చివరికి యంత్రం ఆగిపోతుంది; అది పేరులోనే ఉంది. నన్ను కలవరపెట్టింది దానికి ముందు వచ్చే కొన్ని పేరాలు. వష్తీ వినే సంగీతంలో మధ్యమధ్య నిట్టూర్పులాంటి అపస్వరం మొదలవుతుంది. మొదట ఆమె కోపంగా ఫిర్యాదు చేస్తుంది. సకాలంలో పై సంఘానికి పంపుతామని జవాబు వస్తుంది. రోజులు గడుస్తాయి. స్నానపు నీళ్ళు కంపు కొడతాయి, పండ్లు బూజు పడతాయి, జనం మొదట గొణిగి తరువాత మరిచిపోతారు. ఒకనాటికి ఆ నిట్టూర్పు ఆమెకు రాగంలో భాగంగానే వినిపిస్తుంది. యంత్రం చెడిపోవడాన్ని ఎవరైనా రాయగలరు గాని, చెడిపోయిన దానికి చెవి సర్దుకుపోవడాన్ని ఇంత దగ్గరగా చూసి రాసినవాళ్ళను నేను వేరే చదవలేదు.

నా "సరేనమ్మా" గుర్తొచ్చింది అక్కడే.

భోజనం మధ్యలోనే చెయ్యి కడుక్కుని అమ్మకు ఫోన్ చేశాను, ఈసారి బొమ్మ లేకుండా. వేళ కాని వేళ చేశానని కంగారుపడింది. ఏమీ లేదు, పొద్దున నువ్వు అన్న మాట నాకు వినపడలేదు, అదేమిటో చెప్పమన్నాను. కాసేపు గుర్తు రాలేదు ఆమెకు. తరువాత నెమ్మదిగా అంది: "ఎప్పుడొస్తావని అడిగాను. నువ్వు సరే అన్నావు. పనిలో ఉన్నావేమోనని మళ్ళీ అడగలేదు."