టేపు కదలకపోయినా గోడకుర్చీ మానకండి

ఒడిశాలోని పర్లాకిమిడిలో నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఆడవాళ్లలో బీపీ ఉన్నవాళ్లకు గోడకుర్చీ నేర్పుతుంటాను. నెల తిరక్కుండానే వచ్చి, "అప్పా, టేపు పెట్టి చూడు, నడుం తగ్గిందేమో" అంటారు. తగ్గదు. తగ్గలేదని మానేస్తారు. నా బాధంతా అదే.

గోడకుర్చీ, ప్లాంక్ లాంటివి కదలకుండా కండ బిగించి ఉంచే ఐసోమెట్రిక్ వ్యాయామాలు. కేలరీలు పెద్దగా ఖర్చు కావు. వాటి పని రక్తనాళాల దగ్గర. తొడ కండ బిగిసినంతసేపూ లోపలి నాళాలు నొక్కుకుపోతాయి. లేచి నిలబడగానే కాలవ తలుపు ఎత్తినట్టు రక్తం పారుతుంది. ఆ ఉరవడికి నాళాల గోడల్లో నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు పుట్టి నాళాలు సడలుతాయి. వారాల తరబడి చేస్తే బీపీ దిగుతుంది. 2023లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ 270 పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ వేసింది. ఐసోమెట్రిక్‌తో పై బీపీ సగటున 8, కింది బీపీ 4 పాయింట్లు తగ్గాయి. నడక, పరుగు లాంటి వాటితో పై బీపీ తగ్గింది నాలుగున్నరే. అలాగని నడక మానొద్దు. మెట్లెక్కితే ఆయాసం రాకుండా ఉండేంత దమ్ము నడకతోనే వస్తుంది.

వీపు గోడకు ఆనించి రెండు నిమిషాలు, మధ్యలో విశ్రాంతి, అలా నాలుగుసార్లు. వారానికి మూడు రోజులు. మొదట్లో అర నిమిషం చాలు. ఊపిరి మాత్రం బిగబట్టకూడదు, ఆ క్షణంలో బీపీ బాగా పైకి పోతుంది. అందుకే నేను పైకి లెక్కపెట్టిస్తాను, తెలుగో, ఎకొ దుయి తిని అంటూ ఒడియానో. గుండె జబ్బున్నవాళ్లు, బీపీ బాగా ఎక్కువున్నవాళ్లు ముందు డాక్టర్ని అడగాలి. మాత్రలు సొంతంగా ఆపొద్దు.

ఇక నడుం కొలత. లంగా బొందు కట్టే చోట కొలిస్తే లాభం లేదు, ఆది జాకెట్టు చూసి చెప్పేదీ కాదు. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా చూడాలి. మనలో ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు, మగవాళ్లకు 90 దాటకూడదు. అంగుళాల్లో సుమారు 31½, 35½. అది తగ్గాలంటే నడకా కావాలి, పళ్లెంలో అన్నమూ తగ్గాలి.

నా కొలతల పుస్తకంలో ఇప్పుడు బీపీకీ ఒక గడి గీశాను. గోడకుర్చీ వేసిన వెంటనే చూపించుకోకండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చున్నాక చూసిన అంకె రాయించండి.